పూర్ణా మార్కెట్ తేనెపిట్టలు

తేనెపిట్ట పూల మకరందం తాగి, చిన్న పురుగులనూ సాలెపురుగులనూ తిని బతికే బుల్లి పక్షి. ముక్కు కొస నుంచి తోక కొస దాకా కొలిస్తే పది సెంటీమీటర్లకు అటూ ఇటూ, బరువు పది గ్రాముల లోపు. విశాఖపట్నంలో కంబాలకొండ అడవి నుంచి పాతనగరం ఇరుకు సందుల దాకా ఇది బతుకుతోంది. ఈ వ్యాసం పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల పేటల్లో ఏడాది పొడుగునా కనిపించే రెండు జాతులకు సంబంధించినది. ఒకటి ఊదా నడుము తేనెపిట్ట, రెండోది ఊదా తేనెపిట్ట. వీటితో పాటు మూడోదైన లోటెన్ తేనెపిట్టనూ పోలిక కోసం చెప్పుకోవాలి.

పువ్వు మీద వాలినప్పుడే అందరి కంటా పడుతుంది కాబట్టి దీని బతుకంతా పూలతోనే అనిపిస్తుంది. మకరందం పెద్ద పిట్టకు ఆ పూట గడిపిస్తుంది, అంతే. గూడు నిలబడాలన్నా, అందులో పిల్లలు ఎదగాలన్నా ఆధారం సాలెపురుగు. ఇంత రద్దీ బజారు పక్కన ఈ పక్షి ఎందుకు నిలిచింది, ఎక్కడ నిలవలేకపోతోంది అనే రెండు ప్రశ్నలకూ జవాబు అక్కడే ఉంది.

తేనె తాగే పక్షులు

ప్రపంచంలో మకరందం మీద బతికే పక్షి కుటుంబాలు ముఖ్యంగా మూడు. అమెరికా ఖండాల్లో హమ్మింగ్‌బర్డ్‌లు, ఆస్ట్రేలియా, న్యూగినీ, పసిఫిక్ దీవుల్లో హనీయీటర్లు, ఆఫ్రికా, ఆసియాల్లో మన తేనెపిట్టలు. హనీయీటర్ల మెలిఫాగిడే కుటుంబంలో దాదాపు 190 జాతులున్నాయి. వాటిలో ఒక్కటీ భారతదేశంలో లేదు. తేనెపిట్టలది నెక్టారినిడే కుటుంబం, జాతులు 140కి పైమాటే. ఈ రెండు కుటుంబాలూ న్యూగినీ, ఆస్ట్రేలియా ఈశాన్యాన క్వీన్స్‌లాండ్ తీరం వంటి చోట్ల ఎదురుపడతాయి.

మూడింటికీ దగ్గరి చుట్టరికం లేదు. ఒకే రకం తిండి వెతుక్కోవడం వల్ల వేర్వేరు వంశాల పక్షులకు ఒకే రకం ముక్కు, ఒకే రకం నాలుక, ఒకే రకం చురుకుదనం అబ్బాయి. ఈ పోలిక శాస్త్రవేత్తలనే తప్పుదారి పట్టించింది. హవాయి దీవుల్లో ఉండి అంతరించిపోయిన ఓఓ పక్షులను చాలాకాలం హనీయీటర్లలోనే లెక్కవేశారు. 2008లో మ్యూజియంలో దాచిన నమూనాల నుంచి డీఎన్‌ఏ తీసి చూస్తే వాటిది వేరే కుటుంబమని తేలింది.

పనిముట్లలో మాత్రం తేడాలున్నాయి. హనీయీటర్ నాలుక కొస కుంచెలా చీలి మకరందాన్ని అద్దుకుంటుంది. తేనెపిట్ట నాలుక సన్నని గొట్టం, కొసన రెండుగా చీలి ఉంటుంది. ఇది నాలుక మొదలును అంగిలికి ఒత్తి కిందికి దించి, ఆ ఖాళీలోకి మకరందాన్ని పీల్చుకుంటుందని ఇటీవలి పరిశోధనలు చూపించాయి. హమ్మింగ్‌బర్డ్ గాలిలో ఒకేచోట నిలిచి తాగుతుంది. తేనెపిట్ట కూడా అవసరమైతే పువ్వు ముందు కొద్ది క్షణాలు రెక్కలాడిస్తూ నిలుస్తుంది కానీ, కొమ్మ పట్టుకుని కూర్చుని తాగడమే దానికి ఇష్టం. తలకిందులుగా వేలాడడం దానికి కష్టమే కాదు.

రూపం

ఊదా నడుము తేనెపిట్ట శాస్త్రనామం లెప్టోకోమా జైలోనికా. అందులో జైలోనికా 1766లో లినేయస్ పెట్టిన పేరు, దాని అర్థం సింహళానిది అని. భారత ద్వీపకల్పం, శ్రీలంక, బంగ్లాదేశ్ దాటి ఇది ప్రధానంగా మరెక్కడా ఉండదు. మగపిట్ట రంగులు వరసగా చెప్పుకుంటే గాని ఆ ఒంటి మీద అన్ని ఉన్నాయని నమ్మబుద్ధి కాదు. నడినెత్తి నీలి ఆకుపచ్చ. భుజం మీద మెరిసే ఆకుపచ్చ మచ్చ. వీపు ముదురు మెరూన్. గొంతు ఊదా, దాని కింద రొమ్మును చుట్టి మెరూన్ పట్టీ. ఆ కింద పొట్టంతా నిండు పసుపు, పక్కలకు పోయేకొద్దీ తెలుపు. రెక్కలు ముడుచుకుంటే కనబడని నడుము మీద ఊదా మచ్చ, జాతికి పేరు తెచ్చింది అదే. ఆడపిట్ట వీపు మట్టిరంగు, రొమ్ము పసుపు, గొంతు తెలుపు. ఆ తెల్లని గొంతే దాన్ని గుర్తుపట్టడానికి నమ్మదగిన ఆనవాలు.

ఊదా తేనెపిట్ట శాస్త్రనామం సిన్నిరిస్ ఏషియాటికస్, 1790లో లాథమ్ వర్ణించాడు. పశ్చిమాసియా అంచుల నుంచి ఆగ్నేయాసియా దాకా విస్తరించిన పక్షి ఇది. జతకట్టే కాలంలో మగపిట్ట దూరానికి నల్లగా కనబడుతుంది. ఎండ తగిలే కోణంలోకి తిరిగితే ఒళ్ళంతా నీలం, ఊదా. పసుపు, నారింజ ఎరుపు కలిసిన ఈకల కుచ్చు ఒకటి రెక్క మొదట్లో, చంకలో దాచి ఉంచుతుంది. ఆడపిట్ట ముందు పాడేటప్పుడు రెక్కలెత్తి దాన్ని చూపుతుంది. గొంతు దగ్గర తెలుపు లేకుండా కింది భాగమంతా లేత పసుపుగా ఉంటే అది ఈ జాతి ఆడపిట్ట.

గూడు కట్టే కాలం దాటాక ఊదా తేనెపిట్ట మగది ఆ మెరుపు ఈకలను రాల్చేస్తుంది. అప్పుడది దాదాపు ఆడపిట్టలాగే అయిపోయి, గొంతు నుంచి పొట్ట దాకా నిలువునా ఒక నల్లని చార మాత్రం మిగుల్చుకుంటుంది. ఆ చార చూసి వేరే జాతి పిట్ట అనుకునేవారు చాలామంది. ఊదా నడుము తేనెపిట్ట మగదానికి ఈ మార్పు లేదు, ఏడాదంతా ఒకే అలంకారం. పక్షులను గమనించడం కొత్తగా మొదలుపెట్టేవారికి ఈ ఒక్క తేడా తెలిస్తే సగం తికమక తీరిపోతుంది.

లోటెన్ తేనెపిట్ట పేరు 18వ శతాబ్దంలో సింహళానికి డచ్చి గవర్నరుగా ఉన్న జోన్ గిడియన్ లోటెన్ మీదుగా వచ్చింది. చూపులకు ఊదా తేనెపిట్టలాగే ఉంటుంది. ముక్కు మాత్రం బాగా పొడవు, కొడవలి వంపు. మగదాని పొట్ట గోధుమరంగు. భారత ద్వీపకల్పం, శ్రీలంకలు దీని నివాసం.

మెరుపు రంగుల గురించి ఒక మాట. ఆ నీలాలూ ఆకుపచ్చలూ ఈకలో కలిసిన రంగు పదార్థాలు కావు. ఈక పీచుల్లో మెలనిన్ రేణువులు పొరలు పొరలుగా పేర్చి ఉంటాయి. ఆ పొరల మీద వెలుగు పడి తిరిగొచ్చేటప్పుడు కొన్ని రంగులు బలపడి, కొన్ని అణగిపోతాయి. అందుకే ఒకే పిట్ట నీడలో నల్లగా, ఎండలో నీలంగా ఉంటుంది. పొట్ట మీది పసుపుకు ఆ చపలత్వం లేదు, అది రంగు పదార్థమే.

పూర్ణా మార్కెట్ పరిసరం

పూర్ణా మార్కెట్ విశాఖ పాతనగరంలో కూరగాయలు, పళ్ళు, పూలు, పచారీ సరుకుల పెద్ద బజారు. చుట్టూ వెలంపేట, అల్లిపురం, టౌన్ కొత్తరోడ్డు, కురుపాం మార్కెట్. ఒక పక్క జగదాంబ సెంటర్, కొంచెం దూరంలో బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి, మరో వైపు 1933లో తెరుచుకున్న ఓడరేవు. పెంకుటిళ్ళు, మిద్దెలు, కొత్తగా లేచిన నాలుగైదు అంతస్తుల కట్టడాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. పెద్ద చెట్టుకు చోటు ఉన్న వీధి అరుదు.

తేనెపిట్టకు పెద్ద చెట్టు తప్పనిసరి కాదు. అడవి పక్షుల్లో చాలావాటికి లేని సౌలభ్యం ఇది. పెరట్లో ఒక మందార, గోడ మీదికి ఎగబాకిన కాశీరత్నం తీగ, బావి పక్కన అరటి పిలక, వీధి చివర మునగ, డాబా మీద కుండీల్లో నూరు వరహాలు, గుడి ఆవరణలో గన్నేరు పక్కన బదనిక పట్టిన మామిడి. ఇవన్నీ వేర్వేరు ఇళ్ళవి, వేర్వేరు యజమానులవి. పిట్టకు మాత్రం ఇవన్నీ కలిపి ఒకే తోట. పొద్దున్న ఒక వరసలో వీటన్నిటినీ చుట్టబెట్టి, కాసేపటికి మళ్ళీ మొదటికొస్తుంది. తాగేసిన పువ్వులో మకరందం మళ్ళీ ఊరేదాకా ఆగి రావడం వల్ల దానికి శ్రమ కలిసొస్తుంది.

మార్కెట్లో పూల దుకాణాల ముందు గుట్టలు పోసిన బంతి, చామంతి, కనకాంబరాలు తేనెపిట్టకు అక్కరకు రావు. తెంపిన పువ్వులో మకరందం ఊరదు. అరటి పువ్వు విషయమూ అంతే. దుకాణంలో కూరకు అమ్మకానికి పెట్టినది దానికి కాదు, పెరట్లో గెలకు వేలాడుతూ ఒక్కో డొప్ప విచ్చుకునేది కావాలి. బజారు పిట్టకు చేసే మేలు మరో దారిన వస్తుంది. కుళ్ళిన పళ్ళ మీద, తొక్కల మీద చిన్న ఈగలు ముసురుతాయి. ఆ ఈగల కోసం చూరుల్లో, కరెంటు తీగల మూలల్లో, పాత బల్లల కింద సాలెపురుగులు గూళ్ళు అల్లుతాయి. పిట్ట ఆ ఈగలనూ తింటుంది, సాలెపురుగులనూ తింటుంది, గూటికి దారమూ అక్కడే తీసుకుంటుంది.

ఓడరేవు వైపు నుంచి వచ్చే సరుకుల ధూళి ఆకుల మీద పేరుకుంటుందని పాతనగరవాసులు ఏళ్ళుగా చెబుతున్నదే. తొలకరి వానలకు ఆకులు కడుక్కుపోయాక, ఆకుల మీద నిలిచిన నీటిబొట్లలో ఒళ్ళు దొర్లించి తేనెపిట్ట స్నానం చేస్తుంది. కాకుల్లా గుంటలో దిగడం దీని పద్ధతి కాదు.

నగరంలో దీనికి మెరుగైన చోట్లూ ఉన్నాయి. 1923లో తెరిచిన కింగ్ జార్జ్ ఆసుపత్రి, 1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం వంటి పాత ఆవరణల్లో చెట్లు, పొదలు, పూల మొక్కలు కలిసి ఉంటాయి. ఉక్కునగరంలో ఇళ్ళ ముందు తోటలున్నాయి. 2002లో అభయారణ్యమైన కంబాలకొండ దాదాపు 70 చదరపు కిలోమీటర్ల పొడి అడవి. పూర్ణా మార్కెట్ పిట్ట వీటితో పోలిస్తే పేద బతుకు బతుకుతోంది. అందుకే దాన్ని గమనించడం వల్ల తెలిసేది ఎక్కువ. ఎంత తక్కువతో ఈ పక్షి సరిపెట్టుకోగలదో కొలిచి చెప్పగల చోటు ఇది.

తిండి

మకరందంలో చక్కెర, నీళ్ళు. మాంసకృత్తులు లేనంత తక్కువ. తాగిన చక్కెరలో దాదాపు అంతా తేనెపిట్ట ఒంటికి పట్టించుకుని, మిగతా నీటిని వెంటవెంటనే వదిలేస్తుంది. ఇంత చిన్న ఒంటికి వేడి నిలుపుకోవడం పెద్ద ఖర్చు, కాబట్టి పగటివేళంతా తిరుగుతూనే ఉండాలి. కొన్ని తేనెపిట్ట జాతులు రాత్రివేళ ఒంటి వేడి తగ్గించుకుని ఆ ఖర్చు మిగుల్చుకుంటాయి.

పెద్ద పిట్టకు చక్కెరతో గడిచిపోతుంది. ఒళ్ళు కట్టుకోవలసిన పిల్లకు అది చాలదు. గూట్లో పిల్లలున్నప్పుడు తల్లి ముక్కున ఎప్పుడూ సాలెపురుగో, చిన్న గొంగళిపురుగో, ఈగో ఉంటుంది. సాలెపురుగు మెత్తన, రెక్కల డొప్పలు ఉండవు, పిల్ల గొంతు దిగడం సులువు. నెక్టారినిడే కుటుంబంలోనే స్పైడర్‌హంటర్లు అనే పొడుగు ముక్కు పక్షులు కొన్ని ఉన్నాయి. వాటికి ఆ పేరు రావడం ఈ కుటుంబపు తిండి అలవాటును ఉన్నదున్నట్టు చెబుతుంది.

పూలలో పిట్టకు నచ్చేవి గొట్టంలా ఉండి, లోతున మకరందం దాచుకున్నవి. రేకమందారం, కాశీరత్నం, అరటి, పార్కుల్లో విరివిగా పెంచే హమీలియా వంటివి. ముద్దమందారంలో కేసరాలే రేకులుగా మారిపోయి దారి ఇరుకవుతుంది. గొట్టం మరీ పొడవైతే పిట్ట పువ్వు మొదట్లో పక్క నుంచి ముక్కుతో చిల్లు పొడిచి తాగేస్తుంది. అలా తాగినప్పుడు పుప్పొడి తలకు అంటదు, పువ్వుకు ఏ మేలూ జరగదు. మందార తొడిమ దగ్గర సన్నని చీలికలు కనిపిస్తే అది చాలాసార్లు తేనెపిట్ట పనే.

అన్ని పూలనూ ఇలా దోచుకోదు. బదనిక ఇందుకు మంచి ఉదాహరణ. మామిడి కొమ్మల మీద పెరిగే ఈ పరాన్నజీవి మొక్క మొగ్గలు వాటంతట అవి సరిగా విచ్చుకోవు. పిట్ట ముక్కుతో ఒత్తితే చిటుక్కున విడిపోయి పుప్పొడి దాని తల మీద చల్లుతాయి. పిట్ట మరో బదనికకు వెళ్ళినప్పుడు ఆ పుప్పొడి అక్కడ చేరుతుంది. కాయ పండాక పని మరో బుల్లి పక్షిది. తేనెపిట్టలకు దగ్గరి చుట్టమైన ఫ్లవర్‌పెకర్ ఆ పళ్ళు మింగుతుంది. జిగట గింజ పక్కకు రాలదు, కొమ్మకు ఒళ్ళు రాసి దాన్ని వదిలించుకుంటుంది, అక్కడే మొలక లేస్తుంది. ప్రియా దావిదార్ 1980లలో నీలగిరుల్లో ఈ మొక్కలకూ ఈ పక్షులకూ మధ్య ఇచ్చిపుచ్చుకోవడాలను వివరంగా పరిశోధించారు. మామిడి రైతుకు బదనిక శత్రువు. పాతనగరంలో పండ్ల కోసం కాక నీడ కోసం ఉంచిన ముసలి మామిడికి అది ఉన్నా పెద్ద నష్టం లేదని, ఒకటి రెండు కొమ్మల బదనికను వదిలేయవచ్చని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

గూడు, పిల్లలు

ఈ పక్షి జీవితంలో చూడవలసిన ఘట్టం గూడు కట్టడం. పని దాదాపు అంతా ఆడపిట్టదే. మగది వెంట తిరుగుతుంది, పాడుతుంది, ఎప్పుడైనా ఒక పీచు తెస్తుంది. ఆడపిట్ట ముందు సాలెపురుగు దారాన్ని ముక్కుకు చుట్టుకుని తెచ్చి, వేలాడే కొమ్మ కొసకో, తీగకో, బట్టలారేసే తాడుకో, కరెంటు తీగకో అంటిస్తుంది. ఆ దారం జిగురూ అదే, తాడూ అదే. దాని మీద గడ్డిపీచులు, బెరడు తునకలు, ఎండుటాకుల ముక్కలు, గొంగళిపురుగు రెట్టలు, మార్కెట్ దగ్గరైతే గోనె పీచులు, కాగితం ముక్కలు ఒక్కొక్కటే కలిపి అల్లుతుంది. పొడవాటి సంచి తయారవుతుంది. పక్కన గుండ్రని ద్వారం, ద్వారం మీదికి వంగిన చిన్న చూరు. లోపల దూదిలాంటి గింజల నూగు పరుస్తుంది, బూరుగ దూది దొరికితే అదే. పూర్తయిన గూడు బయటికి అందంగా ఉండదు. గాలికి చిక్కుకుని వేలాడే చెత్త అనిపిస్తుంది, కాకికీ పిల్లికీ కూడా అలాగే అనిపించడంలో దాని క్షేమం ఉంది.

లోటెన్ తేనెపిట్ట మరో అడుగు ముందుకేస్తుంది. గుంపులుగా కలిసి బతికే సాలెపురుగుల అల్లికల లోపలే అది గూడు కట్టిన సందర్భాలు నమోదయ్యాయి.

గుడ్లు మామూలుగా రెండు, పొడవు ఒకటిన్నర సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ. రెండు వారాలకు కొంచెం పైగా ప్రధానంగా ఆడపిట్ట పొదుగుతుంది. పొదిగేటప్పుడు దాని ముక్కు ద్వారం బయటికి కనబడుతూ ఉంటుంది. పిల్లలు పుట్టాక తల్లిదండ్రులిద్దరూ మేపుతారు. మరో రెండు వారాలు దాటాక పిల్లలు గూడు వదులుతాయి. ఊదా తేనెపిట్ట ఎక్కువగా మాఘ, ఫాల్గుణాల నుంచి వేసవి దాకా గూడు కడుతుంది. ఊదా నడుము తేనెపిట్టకు నిర్ణీత కాలం లేదు, ఏడాదిలో రెండు ఈతలు కూడా వేస్తుంది. విశాఖకు నైరుతి వానలూ ఈశాన్య వానలూ రెండూ పడతాయి. వానల తర్వాత పురుగులు పెరుగుతాయి, పిల్లల మేతకు లోటుండదు.

గూటికి మనిషి దగ్గర ఉండడం ఈ పక్షికి అభ్యంతరం కాదు. ఇంటి వరండాలో, తలుపు పైన వేలాడే తోరణం కొసన, పాత ల్యాంప్ తీగకు గూడు పెట్టడం తెలుగిళ్ళలో చాలామందికి తెలిసిందే. మనుషులు తిరిగే చోట కాకి, డేగ రావడానికి జంకుతాయి. పిల్లి మాత్రం జంకదు.

నడవడి

తేనెపిట్టకు శాంతమైన పక్షి అని పేరుంది గానీ, పూల పొద విషయంలో అది మహా గట్టిది. మకరందం బాగా ఊరే పొద దొరికితే మగపిట్ట దాన్ని కాపలా కాస్తుంది. తన జాతి మగదాన్నే కాక పక్క జాతిని, సీతాకోకచిలుకను, కొన్నిసార్లు తనకంటే పెద్ద పక్షిని కూడా తరుముతుంది. ఆగి ఉన్న స్కూటరు అద్దంలోనో, దుకాణం గాజులోనో తన ప్రతిబింబం కనబడితే అది మరో మగపిట్ట అనుకుని గంటల తరబడి పొడుస్తుంది. పూర్ణా మార్కెట్ వంటి చోట వరసగా నిలిపిన బళ్ళ మధ్య దానికి ఇది పెద్ద శక్తి నష్టం. అద్దానికి గుడ్డ కప్పితే పోరు ఆగుతుంది.

అరుపు ఒంటికి మించిన గట్టిది. ఊదా నడుము తేనెపిట్ట త్సిట్, త్సిట్ అని ఆగకుండా పలుకుతుంది. ఊదా తేనెపిట్ట ఎత్తైన కొమ్మ కొసన, డిష్ యాంటెనా మీద, తీగ మీద కూర్చుని చీవిట్ చీవిట్ అని తీయగా పాడుతుంది. లారీల హారన్ల మధ్య కూడా ఆ సన్నని ధ్వని వేరుగా వినబడుతుంది. తోక ఊపు, తల అటూ ఇటూ తిప్పడం, క్షణానికొక కొమ్మ మారడం వల్ల చూపు నిలపడం కష్టం. పిట్టను చూడాలంటే దాని వెంట పడడం కంటే పూల పొద ముందు కూర్చోవడం మేలు.

విశాఖలో పరిశోధన

పక్షుల విషయంలో విశాఖ ప్రాంతం మీద రాసినవారు చాలామంది. 1930లలో హ్యూ విస్లర్, నార్మన్ కినియర్ తూర్పు కనుమల్లో జరిగిన వెర్నే సర్వే ఫలితాలను బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో భాగాలుగా ప్రచురించారు. 1945లో హుమాయూన్ అబ్దులాలీ విజగపట్నం జిల్లా పక్షుల మీద అదే పత్రికలో రాశాడు. ఆ తర్వాత విశాఖకు చెందిన కె.ఎస్.ఆర్. కృష్ణరాజు తూర్పు కనుమల పక్షులకు అంకితమై పనిచేశారు. అమెరికా స్మిత్‌సోనియన్ సంస్థకు అధిపతిగా ఉన్న డిల్లన్ రిప్లీ, బ్రూస్ బీలర్‌లతో కలిసి ఆయన రాసిన విశాఖ కనుమల పక్షుల వ్యాసం 1987, 1988 సంవత్సరాల్లో రెండు భాగాలుగా వచ్చింది. తెలుగు నేలలో పక్షి శాస్త్రానికి ఆయన చేసిన సేవకు రావలసినంత పేరు రాలేదు.

పూల వైపు నుంచి ఈ కథను చదివినవారు ఆంధ్ర విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తలు. సి. సుబ్బారెడ్డి, జె.బి. అట్లూరి, ఎ.జె. సాలమన్ రాజు తదితరులు తూర్పు కనుమల మొక్కల్లో ఏ పువ్వుకు ఏ ప్రాణి పుప్పొడి మోస్తుందో దశాబ్దాల పాటు గమనించారు. వారి పనిలో నచ్చేది, పక్షికి లేని గొప్పదనం అంటగట్టకపోవడం. మునగ పూల మీద తేనెపిట్టలు వాలినా, అసలు పని గండుతుమ్మెదలదని 1990లో వచ్చిన వ్యాసం చెప్పింది. ఎండాకాలంలో ఆకు రాల్చి ఎర్రగా పూసే బూరుగ, ఎరిత్రినా వంటి అడవి చెట్ల సంగతి వేరు. వాటికి పిట్టలు నిజంగా పుప్పొడి మోస్తాయని సాలమన్ రాజు, సహచరులు 2000 తర్వాతి సంవత్సరాల్లో వెలువరించిన వ్యాసాలు చూపించాయి. మిగతా అడవి ఎండిపోయిన నెలల్లో ఆ చెట్లే పిట్టలకు తిండీ నీళ్ళూ.

ముప్పులు, రక్షణ

ప్రపంచ స్థాయిలో ఈ మూడు జాతులకూ ప్రమాదం లేదు, అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం వీటిని ఆందోళన అక్కరలేని జాబితాలోనే ఉంచింది. దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వీటికి వర్తిస్తుంది. పట్టుకోవడం, పంజరంలో పెట్టడం, గూడు పాడుచేయడం నేరం. జాతి మొత్తానికి భయం లేకపోయినా, ఒక పేటలోంచి పక్షి మాయమైపోవడానికి చట్టం అడ్డు రాదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ మీద తీరం దాటింది. నగరం తన చెట్లలో పెద్ద భాగాన్ని ఒక్కరోజులో పోగొట్టుకుంది. తర్వాత తొందరగా పచ్చదనం రావాలని తెలుగు నగరాల్లో నాటిన మొక్కల్లో కోనోకార్పస్ ఒకటి. అది త్వరగా ఎదుగుతుంది, పచ్చగా ఉంటుంది, తేనెపిట్ట తాగగల పువ్వు మాత్రం దానికి లేదు. చెట్ల లెక్క పెరిగినంత మాత్రాన పిట్టకు తోట తిరిగి రాలేదు.

పాతనగరంలో అసలు ముప్పు ఇంతకంటే నిశ్శబ్దమైనది. పెరళ్ళు పోయి ఆ చోట గచ్చు వస్తోంది. దోమల మందు పొగ వదిలినప్పుడు దోమలతో పాటు సాలెపురుగులూ పోతాయి. కుండీ మొక్కలకు కొట్టే మందు ఆకు మీది గొంగళిపురుగులను చంపుతుంది. డాబా మీద పూల కుండీలు బోలెడు పెట్టిన ఇంటికి పిట్ట రోజూ వచ్చి తాగిపోతుంది, గూడు మాత్రం పెట్టదు. ఇంటివారు పువ్వుల కొరత అనుకుని మరో కుండీ కొంటారు. కొరత పువ్వులది కాదు. బూజు కర్ర పెట్టి మూలమూలా దులిపిన ఇంట్లో గూటికి దారం లేదు, పిల్లలకు మేత లేదు.

పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల ఇళ్ళలో సాధ్యమయ్యేవి చిన్న పనులే. ముద్దమందారం పక్కన ఒక రేకమందారం. ఎండ తగిలే గోడకు కాశీరత్నం తీగ. మందు కొట్టకుండా వదిలేసిన ఒక్క కుండీ. ఇంటి లోపల బూజు దులుపుకున్నా, పెరటి చూరు కింద, డాబా మెట్ల అడుగున, నీళ్ళ ట్యాంకు వెనక సాలెగూళ్ళు ఉండనివ్వడం. తాడుకు గూడు పడితే ఆ తాడు మీద బట్టలారేయడం ఆపి, మరో తాడు కట్టుకోవాలి. గుడ్డు పెట్టిన నాటి నుంచి పిల్లలు ఎగిరిపోయేదాకా నెలా పది రోజులకు మించదు. ఆ లోపు గూటిని ముట్టుకోకూడదు, దగ్గరికి పోయి ఫోటోలు తీయకూడదు, కొమ్మ కత్తిరించకూడదు. గూడు ఖాళీ అయ్యాక దాన్ని పీకేయనవసరం లేదు. ఎండి చిరిగిపోయే ఆ సంచి నుంచి పీచులూ దూదీ లాక్కుని ఆడపిట్ట తర్వాతి గూటికి వాడుకుంటుంది.